అమ్మకి రాసిన టార్గెటెడ్ మాత్ర, మామయ్య పంపిన జర్నల్ పేపర్: దేన్ని నమ్మాలి?

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదటిసారి. అమ్మకి 58 ఏళ్లు. నడుం నొప్పి అంటూ మూడు నెలలు బామ్ రాసుకుని గడిపేసింది, చివరికి స్కాన్ తీయిస్తే వెన్నెముకలో మచ్చలు, లివర్‌లో రెండు, అసలు మూలం ఎడమ రొమ్ములో గడ్డ. నాలుగో స్టేజి అన్నారు. బయాప్సీలో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 1+ అని ఉంది. డాక్టర్ గారు ఇప్పుడే కీమో అక్కర్లేదు, రైబోసిక్లిబ్ అనే టార్గెటెడ్ మాత్ర, దాంతోపాటు రోజూ లెట్రోజోల్ వేసుకోమన్నారు. నెల ఖర్చు విన్నాక మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఇంతలో మా పెద్దమామయ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక పీడీఎఫ్ పెట్టాడు. ఏదో అంతర్జాతీయ క్యాన్సర్ జర్నల్ అట, చూడ్డానికి పేపర్ పెద్దదే, పట్టికలు, గ్రాఫులు అన్నీ ఉన్నాయి. ఒక మొక్క సారం గుళికలు క్యాన్సర్ కణాన్నే గురిపెట్టి కొడతాయి, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, అందరికీ గడ్డలు కరిగాయి అని సారాంశం. "జర్నల్లో వచ్చింది రా, వాట్సాప్ కబురు కాదు, ఆ ఖరీదైన మాత్రలు ఆపి ఇవి మొదలుపెట్టండి" అంటున్నాడు. అమ్మ పుట్టింటివాళ్లందరూ ఆయన మాటే వింటారు. నేను బీకాం చదివాను, ఆ పేపర్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇలాంటిది నమ్మొచ్చా లేదా ఎలా తెలుసుకోవాలి? ఆ రైబోసిక్లిబ్ గురించి చెప్పేవాళ్ల పేపర్లు మాత్రం నిజమని గ్యారంటీ ఏంటి?

బందరు_బాలు | ఆదివారం రాత్రి 11:05

ప్రతి ఇంట్లో ఒక పెద్దమామయ్య ఉంటాడు తమ్ముడూ. ధైర్యంగా ఉండు. తెలిసినవాళ్లు వస్తారు, వాళ్లు చెప్పేదాకా మందు మాత్రం ఆపకండి.

డాలస్_నర్సక్క | సోమవారం ఉదయం 6:15

తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా క్యాన్సర్ వార్డులో నర్సుని. డాక్టర్ని కాను, కాబట్టి నేను చెప్పేది మీ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలుగా తీసుకో.

ముందు రిపోర్టు సంగతి. రొమ్ము క్యాన్సర్ అనేది ఒకే జబ్బు కాదు. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఆ కణాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద బతుకుతున్నాయని అర్థం. హెర్2 అనేది కణాల మీద ఉండే ఒక ప్రొటీన్, అది ఎంత ఉందో ఈ అంకెలు చెప్తాయి. 1+ అంటే పాజిటివ్ కాదు, 3+ వస్తేనే పాజిటివ్, 2+ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేలుస్తారు. అమ్మది హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకం, అందరిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవకుండా చూస్తుంది. ఇక కణం రెండుగా చీలాలంటే మధ్యలో ఒక గేటు దాటాలి, దాన్ని తెరిచే ఎంజైముల పేర్లు సీడీకే 4, సీడీకే 6. రైబోసిక్లిబ్ ఆ గేటు పడేసి ఉంచుతుంది. పాల్బోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ కూడా ఇదే కుటుంబం. అందుకే ఇది టార్గెటెడ్ మందు అయింది. అలాగని సైడ్ ఎఫెక్ట్స్ లేవనుకోకండి, గేటు పడితే ఎముక మజ్జలో మంచి కణాలకి కూడా పడుతుంది, తెల్ల రక్తకణాలు తగ్గుతాయి.

వాడే పద్ధతి మామూలుగా రోజుకి ఒకసారి 200 మిల్లీగ్రాములవి మూడు మాత్రలు, 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపడం. లెట్రోజోల్ మాత్రం ఆపకుండా రోజూ. మొదలుపెట్టేముందు ఈసీజీ, మళ్లీ రెండు వారాలకి ఈసీజీ, ఎందుకంటే ఈ మందు గుండె లయలో క్యూటీ అనే కొలతని పొడిగించగలదు. మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి రక్తపరీక్ష, లివర్ పరీక్షలు కూడా. మధ్యలో జ్వరానికో వాంతులకో వీధి చివర మెడికల్ షాపులో ఏది పడితే అది తెచ్చి వేయొద్దు, కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు, ఓన్డాన్‌సెట్రాన్ లాంటివి దీంతో పడవు.

ఇంకోటి, మన వాళ్లకే చెప్పాల్సింది. పంపరపనస తినకూడదు. గ్రేప్‌ఫ్రూట్ అని చీటీలో రాస్తే మనకది ఏదో ఫారిన్ పండు అనుకుని వదిలేస్తాం, పంపరపనస దానికి పెద్దక్క. అది మందుని లివర్ దగ్గర అరగనివ్వదు, దాంతో రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. రక్తం పడుతుందని దానిమ్మ రసం పట్టించేవాళ్లుంటారు, ఈ మందు వచ్చిన కొత్తలో దాని గురించి కూడా లేబుల్ మీద హెచ్చరిక ఉండేది, అదీ డాక్టర్ని అడుగు. అసలు సంగతి ఏంటంటే ఆ మొక్క సారం గుళికల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఇది ఆపకుండా అది కలిపి వేసినా ప్రమాదమే.

మందులషాపు_బాబాయ్ | సోమవారం ఉదయం 9:30

ఖర్చు సంగతి నేను చెప్తాను, ముప్పై ఏళ్ల కౌంటరు నాది. రైబోసిక్లిబ్ ధర గురించి 2022లో కేరళ హైకోర్టుకి ఒక పేషెంటు వెళ్లింది. రైబోసిక్లిబ్‌కే నెలకి 58 వేల పైచిలుకు అవుతోంది, పేటెంట్ ఉన్నా వేరే కంపెనీలకి తయారీ లైసెన్సు ఇప్పించండి అని అడిగింది. కేసు తేలకముందే ఆ ఏడాదే ఆమె పోయింది. తర్వాత కోర్టే తనంతట తాను ఆ కేసుని కొనసాగించింది. ఆ వార్త చదివిన రోజు నాకు కౌంటర్లో నిలబడబుద్ధి కాలేదు.

దాని చుట్టం పాల్బోసిక్లిబ్‌కి మన దేశంలో 2023 జనవరిలో పేటెంట్ అయిపోయింది. వెంటనే మన కంపెనీలు జెనరిక్‌లు దింపాయి, ధర బాగా పడింది. కాబట్టి బాబూ, చేతికి అందకపోతే మందు మానేయడం కాదు, "ఈ కుటుంబంలో ఇంకో మందు ఉందటగా, అమ్మకి కుదురుతుందా" అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడుగు. కంపెనీల సహాయ పథకాలు ఉంటాయి, హాస్పిటల్లో సోషల్ వర్కర్ ఉంటే వాళ్లని కూడా కలువు. డాక్టర్లు మనంతట మనం నోరు విప్పితేగానీ డబ్బు మాట ఎత్తరు.

తార్నాక_పరిశోధకురాలు | సోమవారం మధ్యాహ్నం 1:20

పేపర్ సంగతికి నేను వస్తా. జర్నల్లో వచ్చింది అన్న మాటకి విలువ ఎప్పుడు ఉంటుందంటే, ఆ జర్నల్ అచ్చేసే ముందు ఆ రంగం తెలిసిన వేరేవాళ్లతో చదివించి, తప్పులు పట్టించి, అవసరమైతే తిప్పి పంపితే. దాన్నే పీర్ రివ్యూ అంటారు. డబ్బు కట్టగానే అచ్చేసే జర్నళ్లు వేలల్లో ఉన్నాయి. మన సిగ్గుచేటు ఏంటంటే వాటిలో ప్రపంచమంతా పేరు మోగింది మన హైదరాబాద్ నుంచే. ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ చేస్తామని, ఫలానా పెద్దలు మా ఎడిటర్లని చెప్పుకున్నవి మోసపు మాటలని నెవాడాలోని ఫెడరల్ కోర్టు తేల్చి 2019లో 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది.

క్యాన్సర్ పేపర్ల మీదే ఇంకో సరదా కథ ఉంది, సరదా అనాలో ఏడవాలో. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే జర్నలిస్టు ఒక దొంగ పేపర్ అల్లాడు. రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలని ఆపుతుంది అని అందులో రాశాడు. చదువుకున్నవాడెవడైనా పది నిమిషాల్లో పట్టేసే తప్పులు కావాలని పెట్టాడు. 304 జర్నళ్లకి పంపితే 157 ఒప్పేసుకున్నాయి. మీ మామయ్య గారి గుళికల పేపర్ వాసన నాకు అదే కొడుతోంది, చూడకుండా అనకూడదు గానీ.

నా సొంత గోడు కూడా చెప్తా. నేను ఎంఫార్మసీ చేసేటప్పుడు గైడు తొందరపెడితే ఒక జర్నల్‌కి పంపాను, పేరు చెప్పను. నాలుగో రోజు "అద్భుతం, అంగీకరించాం, ఫీజు కట్టండి" అని మెయిల్. రివ్యూ కామెంట్స్ అడిగితే రెండు లైన్లు పంపారు, అందులో ఒకటి మార్జిన్లు సరిచేయమని. నా పేపర్ ఇప్పటికీ ఇంటర్నెట్లో ఉంది. ఎవరో మామయ్య ఎక్కడో దాన్ని కూడా ఫార్వర్డ్ చేస్తూ ఉంటాడేమో అని నాకు ఇప్పటికీ భయమే.

తమ్ముడూ, ఆ పీడీఎఫ్ మొదటి పేజీ, చివరి పేజీ తీసి ఇవి చూడు. ఎప్పుడు అందింది, ఎప్పుడు ఒప్పుకున్నారు అని తేదీలుంటాయి. ఎంతమంది పేషెంట్లు, పోల్చడానికి ఇంకో గుంపు ఉందా? ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? మన దేశంలో మనుషుల మీద మందు పరీక్షిస్తే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి, 2009 నుంచి అది తప్పనిసరి. ఆఖర్లో రచయితలకి ఆ మందుతో డబ్బు సంబంధం ఉందా అన్న ప్రకటన ఉంటుంది, అదీ చూడు.

కృష్ణలంక_కుర్రోడు | సోమవారం రాత్రి 9:50

అక్కా, చూశాను. 3వ తేదీ అందిందట, అదే నెల 9న ఒప్పుకున్నారట. పేషెంట్లు 14 మంది, వాళ్లందరికీ ఇవే గుళికలు, పోల్చడానికి ఎవరూ లేరు. పైగా ఆ 14 మందిలో కొందరు అప్పటికే కీమో తీసుకుంటున్నారని మధ్యలో ఒక చోట ఉంది! ఏ రకం రొమ్ము క్యాన్సరో ఎక్కడా లేదు, కొందరిది రొమ్మే కాదు. రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. ఆర్థిక సంబంధాలేవీ లేవు అని రాశారు గానీ, మొదటి రచయిత పేరు గుళికల డబ్బా మీద తయారీదారు దగ్గర కూడా ఉంది. మామయ్య దగ్గర డబ్బా ఉంటే ఫొటో పెట్టమని అడిగి చూశాను.

బందరు_బాలు | సోమవారం రాత్రి 9:58

డబ్బా కూడా కొనేశాడా మామయ్య 😀

అన్నీ_అనుమానమే | సోమవారం రాత్రి 11:30

అందరూ చిన్న జర్నళ్ల మీద పడ్డారు, బానే ఉంది. మరి పెద్దవాళ్ల సంగతేంటి? రొమ్ము క్యాన్సర్ చరిత్రలోకెల్లా పెద్ద మోసం పేరున్న జర్నల్లోనే వచ్చింది. దక్షిణాఫ్రికాలో వెర్నర్ బెజ్‌వోడా అనే డాక్టర్, విపరీతమైన మోతాదులో కీమో ఇచ్చి మూలకణాలు ఎక్కిస్తే ముదిరిన రొమ్ము క్యాన్సర్లో ఎక్కువకాలం బతుకుతారని 1995లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో రాశాడు. పీర్ రివ్యూ అయిందిగా? ఆ రోజుల్లో వేలమంది ఆడవాళ్లు ఆ నరకం లాంటి చికిత్సకి ఒప్పుకున్నారు. 2000లో అమెరికా నుంచి బృందం వెళ్లి రికార్డులు చూస్తే డొల్ల. 1995 పేపర్ని వెనక్కి తీసుకోవడానికి 2001 దాకా పట్టింది.

2017లో ట్యూమర్ బయాలజీ అనే జర్నల్ నుంచి దాని ప్రచురణ సంస్థ స్ప్రింగర్ వాళ్లు ఒకేసారి 107 పేపర్లు వెనక్కి తీసుకున్నారు. రివ్యూ చేసినవాళ్లే దొంగలు, దొంగ ఈమెయిళ్లు. 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్లలో 8,000 పైగా పేపర్లు ఇలాగే వెనక్కి పోయాయి. ఇక హెర్2 మందుల ట్రయల్స్‌లో మహామహుడు హోసె బసెల్గా, కంపెనీల నుంచి వచ్చిన డబ్బు సంగతి చాలా పేపర్లలో చెప్పలేదని 2018లో న్యూయార్క్ టైమ్స్, ప్రోపబ్లికా బయటపెడితే న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో పదవికి రాజీనామా చేశాడు. ఇవన్నీ చూశాక మామయ్యనొక్కడినే ఎందుకు తిడతారు? నమ్మకం మీద బతికేదే అయితే అందరూ ఒకటే.

విశాఖ_డ్యూటీ_డాక్టర్ | మంగళవారం తెల్లవారుజాము 3:40

నైట్ డ్యూటీలో ఉన్నాను, మధ్యలో లేచి వెళ్లిపోతే ఏమనుకోకండి. మెడికల్ ఆంకాలజీలో ట్రైనింగ్ చేస్తున్నాను.

అనుమానం గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ బెజ్‌వోడా ఎలా దొరికాడో చూడండి. 1999లో ఒకే సమావేశంలో ఇదే చికిత్స మీద వేర్వేరు దేశాల ట్రయల్స్ ఫలితాలు చదివితే ఆయనదొక్కటే గొప్పగా వచ్చింది, మిగతావాళ్లకి లాభం కనపడలేదు. అందుకే తనిఖీకి వెళ్లారు. అంటే కాపాడింది జర్నల్ పేరు కాదు, అదే పనిని వేరేవాళ్లు విడిగా చేసి చూడటం. నేను ఏ కొత్త మందు పేపరైనా చదివేటప్పుడు మొదట చూసేది ఇదే, ఒక్కడే అంటున్నాడా ఇంకెవరైనా అదే చూశారా అని. బసెల్గా విషయం కూడా అంతే. ఆయన దాచింది తప్పు, పెద్ద తప్పు. కానీ ఆయన ముందుండి నడిపిన క్లియోపాట్రా ట్రయల్లో పెర్టుజుమాబ్ అనే హెర్2 మందు ఇచ్చిన లాభం ఆయన మాట మీద నిలబడలేదు. 808 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు, ఎవరికి ఏ మందు పడుతోందో డాక్టర్‌కీ పేషెంటుకీ తెలియదు, ముందే రిజిస్టర్ చేశారు, మందుల నియంత్రణ సంస్థలు అసలు డేటా తెప్పించుకుని చూశాయి. గుళికల పేపర్లో వీటిలో ఒక్కటైనా ఉందా? అందరూ ఒకటే అనడం అంటే, టీచరు పేపరు దిద్దడంలో ఒకసారి తప్పు చేశాడని పరీక్షే రాయనివాడికి కూడా ఫస్ట్ క్లాస్ ఇచ్చేయడం.

ఇప్పుడు కృష్ణలంక తమ్ముడి అసలు ప్రశ్న. రైబోసిక్లిబ్ మీద అమ్మ పరిస్థితికి సరిగ్గా సరిపోయే ట్రయల్ ఉంది, పేరు మొనలీసా-2. నెలసరి ఆగిపోయినవాళ్లు, హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, ముదిరిన జబ్బుకి మొదటి చికిత్స. 668 మంది. సగానికి లెట్రోజోల్‌తో రైబోసిక్లిబ్, సగానికి లెట్రోజోల్‌తో ఉత్తుత్తి మాత్ర. 2022లో వచ్చిన చివరి లెక్కలో బతికిన కాలం మధ్యగతం 63.9 నెలలు, ఉత్తుత్తి మాత్ర గుంపులో 51.4 నెలలు. ఏడాది పైన తేడా. మధ్యగతం అంటే ఏంటో కూడా చెప్పాలి, ఇక్కడే అందరూ పొరబడతారు. అమ్మకి 63.9 నెలలు రాసిపెట్టి ఉందని కాదు. సగంమంది ఆ గీత దాటి బతికారు, సగంమంది దాటలేదు, అంతే.

పాల్బోసిక్లిబ్ కూడా జబ్బు పెరగకుండా ఆపడంలో బాగా పనిచేసింది. దాని ట్రయల్ పలోమా-2లో జబ్బు మళ్లీ పెరిగేదాకా పట్టిన కాలం 24.8 నెలలు, ఉత్తుత్తి మాత్రకి 14.5. కానీ మొత్తం బతికిన కాలం చూస్తే 53.9 నెలలు, ఉత్తుత్తి మాత్రకి 51.2, ఆ తేడా లెక్కలోకి వచ్చేంత కాదు. ఆ ట్రయల్లో చాలామంది మధ్యలో లెక్కకి దొరక్కుండా పోయారు కాబట్టి వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అందుకే చేతికి అందితే చాలామంది మొదట రైబోసిక్లిబ్ రాస్తారు. అందకపోతే జెనరిక్ పాల్బోసిక్లిబ్ పనికిరాని మందేం కాదు, అసలు ఏదీ లేకపోవడం కంటే చాలా మెరుగు. బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట.

సారీ, పిలుస్తున్నారు.

విశాఖ_డ్యూటీ_డాక్టర్ | మంగళవారం ఉదయం 6:10

మళ్లీ వచ్చాను. ఇందాక సగంలో ఆపింది ఒకటుంది. పేపర్లో "జబ్బు పెరగకుండా ఉన్న కాలం" పెరిగింది అంటే అది "బతికే కాలం" పెరిగినట్టు కాదు. వార్తల్లో రెండూ ఒకేలా రాస్తారు. బెవాసిజుమాబ్ గుర్తుందా, అవాస్టిన్? స్కాన్‌లో జబ్బు ఆగిన కాలం చూసి అమెరికా ఎఫ్‌డీఏ 2008లో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి తాత్కాలికంగా ఒప్పుకుంది. తర్వాతి ట్రయల్స్‌లో ఆ లాభం చిన్నదని తేలింది, ఆయుష్షు పెరగలేదు, రక్తస్రావం, బీపీ లాంటివి మాత్రం వచ్చాయి. 2011 నవంబర్లో ఆ అనుమతి తీసేశారు. పేషెంట్లే కొందరు వెళ్లి తీసేయొద్దని ఏడ్చారు. ఆ మొదటి పేపర్ మోసం కాదు, అందులో కొలిచింది వేరు, మనకి కావల్సింది వేరు.

అన్నీ_అనుమానమే | మంగళవారం ఉదయం 8:00

ఒప్పుకుంటున్నా డాక్టర్ గారూ, పరీక్ష రాయనివాడి పోలిక బాగుంది. కానీ ఆ మొనలీసా ట్రయల్‌కి డబ్బు పెట్టింది మందు కంపెనీయేగా?

విశాఖ_డ్యూటీ_డాక్టర్ | మంగళవారం ఉదయం 8:25

అవును, నోవార్టిస్. దాచలేదు, పేపర్లోనే ఉంది. కంపెనీ డబ్బుతో జరిగిన ట్రయల్‌ని మరింత కళ్లు తెరిచి చదవాలి, అక్కడ మీతో ఏకీభవిస్తాను. ముఖ్యంగా పోల్చిన మందు సరైనదేనా, కావాలని బలహీనమైనదాంతో పోల్చారా అన్నది. ఇక్కడ పోల్చింది ఆ రోజుకి అందరూ ఇస్తున్న లెట్రోజోల్‌తోనే.

ప్రకృతి_ఆరోగ్యం_24 | మంగళవారం ఉదయం 10:12

[ఈ పోస్టు తొలగించాం. ఫోన్ నంబర్లు పెట్టి క్యాన్సర్ మందులు అమ్మడం ఇక్కడ కుదరదు. ఇదే సభ్యుడు మూడో పేరుతో రావడం, ఇక ఖాతా మూసేస్తున్నాం. – నిర్వాహకులు]

బందరు_బాలు | మంగళవారం ఉదయం 10:20

మామయ్యే వచ్చాడేమో అనుకున్నా.

పులిహోర_పార్వతి | మంగళవారం సాయంత్రం 5:45

బాబూ, నేను పేషెంటుని. నాది ఇంకో రకం, హార్మోన్ నెగెటివ్, హెర్2 3+. 2018లో ఊపిరితిత్తుల్లోకి పాకాక తెలిసింది. హెర్2 అంటే మా రోజుల్లో, మా రోజులేంటి ఇరవై ముప్పై ఏళ్ల కిందట, చాలా చెడ్డ రకం అనేవాళ్లట. అమెరికాలో డెనిస్ స్లామన్ అనే డాక్టర్ వెంటపడి పనిచేస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ 1998లో వచ్చింది, దాంతో మా రకం కథ మారిపోయింది. నాకు ఇచ్చింది మన దేశంలో తయారైన బయోసిమిలర్. మా అబ్బాయి మొదట ఒప్పుకోలేదు, అసలుది కాకుండా నకలు ఎందుకు అన్నాడు. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. బయోకాన్, మైలాన్ వాళ్ల బయోసిమిలర్‌ని అసలు హెర్సెప్టిన్‌తో ఎదురెదురుగా పెట్టి పోల్చారట, గడ్డలు తగ్గినవాళ్లు ఇక్కడ 69.6 శాతం, అక్కడ 64 శాతం, అంటే దాదాపు ఒకటేనని. 2017లో పెద్ద జర్నల్లో వచ్చిందట, ఆ ఏడాదే అమెరికా వాళ్లు కూడా ఒప్పుకున్నారట. ఆ పేపర్ ప్రింటు తీసి వాడి చేతిలో పెట్టింది. పేపర్లు అలా కూడా పనికొస్తాయి.

పెర్టుజుమాబ్ మాకు అందలేదు, అప్పటి ధర అలాంటిది. ట్రాస్టుజుమాబ్, కీమో, అంతే. ఇంటర్నెట్లో వెతికితే క్లియోపాట్రాలో నాలాంటి గుంపుకి మధ్యగతం 40.8 నెలలని కనపడింది. మధ్యగతం అంటే ఏంటో అప్పుడు నాకు చెప్పే డాక్టర్ తమ్ముడు లేడు. క్యాలెండర్ మీద 41వ నెల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నా, ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి పెళ్లి ముహూర్తం కూడా దానికి ముందే పెట్టించాను. ఆ నెల వచ్చింది, వెళ్లింది. ఆ రోజు పులిహోర చేసి వీధంతా పంచితే ఏం పండగ వదినా అని అడిగారు, ఏం లేదమ్మా ఊరికే అన్నాను. ఈ పేరు అప్పుడు పెట్టుకున్నదే.

మూడు నెలలకోసారి ఎకో తీస్తారు, ఈ ఇంజెక్షన్ గుండె బలం తగ్గించొచ్చని. ఒకసారి తగ్గితే రెండు నెలలు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మీ అమ్మగారికి చెప్పు, నడుం నొప్పి తగ్గాక మనిషి మళ్లీ మనిషవుతుంది.

కృష్ణలంక_కుర్రోడు | మంగళవారం రాత్రి 10:15

అమ్మకి ఇది చదివి వినిపించాను పార్వతి గారూ. ఏమీ అనలేదు. కాసేపాగి పులిహోరలో ఇంగువ వేస్తారా అడుగు అంది.

పులిహోర_పార్వతి | మంగళవారం రాత్రి 10:31

వేయకపోతే అది పులిహోరేనా!

డాలస్_నర్సక్క | బుధవారం ఉదయం 6:50

తమ్ముడూ, ఇంకో రెండు సంగతులు, ఇప్పటికి కాదు, ముందు ముందుకి. అమ్మ బయాప్సీ మైనపు దిమ్మలు ఉంటాయి, పారాఫిన్ బ్లాకులు అంటారు, అవి ల్యాబ్‌లో ఎక్కడున్నాయో కనుక్కుని జాగ్రత్త చేయించు. రేపు ఈ మందు పనిచేయడం మానేస్తే పీఐకే3సీఏ, ఈఎస్ఆర్1 లాంటి జన్యు మార్పులు వెతికి దానికి తగ్గ మందు ఇస్తారు. ఉదాహరణకి అల్పెలిసిబ్ పీఐకే3సీఏ ఉన్నవాళ్లకి, అది షుగర్ని బాగా పెంచేస్తుంది. అమ్మకి షుగర్ ఉందా?

రెండోది, ఆ హెర్2 1+. ఒకప్పుడు ఆ 1+కి విలువే లేదు, నెగెటివ్ అంటే నెగెటివే. 2022లో డెస్టినీ-బ్రెస్ట్04 ట్రయల్ వచ్చాక హెర్2 తక్కువ ఉన్నవాళ్లని విడిగా చూస్తున్నారు. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, అంటే ఎన్‌హెర్టు, అప్పటికే కీమో పడ్డవాళ్లలో బతికే కాలాన్ని 16.8 నుంచి 23.4 నెలలకి తీసుకెళ్లింది. మందు మంచిదే, కానీ వందలో పన్నెండు మందికి ఊపిరితిత్తుల వాపు వచ్చింది, ట్రయల్ మొత్తం మీద ముగ్గురు దాంతోనే పోయారు. ఆ మందు మీద ఉన్నవాళ్లకి పొడి దగ్గు వచ్చినా మేము పరుగెత్తుతాం. ఇండియాలో ధర ఇంకా కొండ మీదే ఉంది.

మందులషాపు_బాబాయ్ | బుధవారం ఉదయం 9:10

దాని మీద కస్టమ్స్ సుంకం 2024 జూలై బడ్జెట్లో ఎత్తేశారమ్మా. అయినా కొండ కొండే, కాస్త మెట్లు తగ్గాయి.

తార్నాక_పరిశోధకురాలు | బుధవారం మధ్యాహ్నం 2:00

మామయ్య గారికి చెప్పడానికి ఇంకో మాట. పబ్‌మెడ్‌లో కనపడింది కాబట్టి నిజమే అని కూడా అంటారు కొందరు. పబ్‌మెడ్ ఒక పెద్ద కేటలాగు, లైబ్రరీలో పుస్తకం ఉన్నంత మాత్రాన అందులో రాసినదంతా నిజమా? అయితే దానివల్ల ఒక మేలుంది, పేపర్ వెనక్కి తీసుకుంటే పైనే కనపడేట్టు రాసి ఉంటుంది. అలా వెనక్కి తీసుకున్న పేపర్ల మీద రిట్రాక్షన్ వాచ్ వాళ్ల జాబితా కూడా ఉచితమే. జర్నల్ పేర్లు కూడా అక్షరం అక్షరం చూడాలి, పేరున్న జర్నల్ పేరుకి ఒక మాట తీసేసో కలిపేసో దొంగ బోర్డు పెడతారు, బాటా పక్కన బాలా చెప్పుల్లాగా. ఇంత వెతికే ఓపిక లేకపోతే టాటా మెమోరియల్ వాళ్లు నడిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ మార్గదర్శకాలు చూడండి, మన దేశపు ఖర్చులు తెలిసినవాళ్లు రాసినవి.

కృష్ణలంక_కుర్రోడు | మరుసటి ఆదివారం రాత్రి 9:20

అప్‌డేట్. డాక్టర్ గారి దగ్గరికి మామయ్యని కూడా తీసుకెళ్లాను, ఆ పీడీఎఫ్ ప్రింటుతో సహా. తిడతారేమో అనుకున్నా, తిట్టలేదు. పేపర్ తీసుకుని పెన్నుతో 14 చుట్టూ సున్నా చుట్టి, "వీళ్లలో మీ చెల్లెలి రకం జబ్బు ఎంతమందికి ఉందో నాకు చూపించండి" అన్నారు. మామయ్య పేజీలు తిప్పుతూనే ఉన్నాడు పాపం. తర్వాత ఖర్చు మాట నేనే ఎత్తాను, బాబాయ్ గారు చెప్పినట్టు. సహాయ పథకం ఫారం ఇప్పించారు, అది వస్తే రైబోసిక్లిబ్, రాకపోతే జెనరిక్ పాల్బోసిక్లిబ్ అన్నారు. వచ్చింది. ఈసీజీ బాగుంది. గురువారం మొదలుపెట్టాం. అమ్మకి షుగర్ ఉంది నర్సక్కా, రాసుకున్నా.

మామయ్య గ్రూపులో మాట్లాడట్లేదు. అమ్మే ఫోన్ చేసి బుజ్జగించింది, జబ్బు ఎవరికో బుజ్జగింపు ఎవరికో. ఆయన పెరట్లో చెట్టుది అని అంతకుముందే ఒక సంచీ నిండా పంపరపనసలు పంపాడు, అవి పక్కింటివాళ్లకి ఇచ్చేశాం.

బందరు_బాలు | మరుసటి ఆదివారం రాత్రి 9:31

గుళికల డబ్బా ఏమైంది?

కృష్ణలంక_కుర్రోడు | మరుసటి ఆదివారం రాత్రి 9:40

వాపసు తీసుకోరట అన్నా.

కృష్ణలంక_కుర్రోడు | రెండు వారాల తర్వాత, గురువారం సాయంత్రం 6:05

నర్సక్కా ఉన్నారా? ఇవాళ రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్, అదే ఒక రకం తెల్ల రక్తకణాలు, 870 అని వచ్చింది, ఎర్ర అక్షరాల్లో ఉంది. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే మాత్ర ఆపి వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మందు పడలేదా?

డాలస్_నర్సక్క | గురువారం సాయంత్రం 6:40

ఉన్నాను. ఈ మందు మీద ఇది మేము రోజూ చూసేదే. 500కీ 1000కీ మధ్య ఉంటే ఆపి, 1000 దాటాక మామూలుగా అదే మోతాదు మళ్లీ మొదలుపెడతారు, వాళ్లు సరిగ్గానే చెప్పారు. మందు పడలేదని కాదు. లెట్రోజోల్ ఆపమన్నారా? ఆపమనకపోతే అది రోజూ వేయాలి. ఒక్కటే గుర్తుపెట్టుకో, జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రైనా హాస్పిటల్‌కే. ఇప్పుడు థర్మామీటర్ పెట్టి చూశావా?

కృష్ణలంక_కుర్రోడు | గురువారం సాయంత్రం 6:52

98.2 అక్కా. లెట్రోజోల్ ఆపలేదు.